దివిసీమ పాటిదిబ్బలో ఇసుక పొర

పురావస్తు శాఖలో పనిచేశానని చెప్పగానే జనం ఇప్పటికీ నన్ను ఒకటే అడుగుతారు, బంగారం ఏమైనా దొరికిందా అని. లేదంటే నమ్మరు. దొరికి ఉంటే ఈ ముసలాయన ఇంకా ఈ డొక్కు సైకిల్ మీద ఎందుకు తిరుగుతాడన్న ఆలోచన వాళ్ళకి రాదు. నేను ఆ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. తవ్వేవాళ్ళు తవ్వుతుంటే గోతి అంచున గొడుగు కింద కూర్చుని, గోతి గోడలో కనపడే మట్టి పొరల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద గీసేవాణ్ణి. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీరంతా దాన్ని కంప్యూటర్‌లో గీస్తున్నారట. సంతోషం. మెడ నొప్పి అయినా తప్పుతుంది మీకు.

నేను గీసినవాటిలో చాలా బొమ్మలు ఏ బీరువాలో ఉన్నాయో నాకే తెలియదు. ఒక్క బొమ్మ మాత్రం కళ్ళు మూసుకుంటే గీతతో సహా కనిపిస్తుంది. దాని సంగతే చెప్తాను.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి వేసవిలో మా ఆఫీసు నన్ను బందరు పంపింది. కృష్ణ సముద్రంలో కలిసే ప్రాంతంలోని ప్రాచీన నగరాలను తిరిగి చూసి, ఉప్పెన ఏం మిగిల్చిందో రాసి పంపాలి. ప్రాచీన నగరాలు అన్న మాట ఆర్డర్లో చదివి నేను కోటగోడలూ, రాతి స్తంభాలూ ఊహించుకున్నాను. అవి గీయడానికి కొత్త పెన్సిళ్ళు కూడా కొనుక్కున్నాను. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు, తెలివి మాత్రం చాలా ఉందనుకునేవాణ్ణి.

జీపులో మేం ముగ్గురం. ఒకరు మా ఆఫీసరు గారు. సన్నటి మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది. ఆయన సర్వీసంతా ఇతరులు తవ్వి పేరు తెచ్చుకున్న చోట్లకి కంచెలు వేయించడంలోనే గడిచిపోయింది. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పేవారు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు. రెండో మనిషి మా డ్రైవరు. బందరు సాయిబు, యాభై ఏళ్ళుంటాయి. నన్ను మొదటి రోజు నుంచే అల్లుడూ అని పిలిచాడు, నేను మావయ్యా అనక తప్పింది కాదు.

మొదట శ్రీకాకుళం వెళ్ళాం, ఉత్తరాన ఉన్న పట్నం కాదు, కృష్ణ ఒడ్డున ఉన్న పల్లెటూరు. ఆంధ్ర మహావిష్ణువు దర్శనం చేసుకుని ఏటి గట్టు మీదికి వచ్చాం. ఎండకి ఏరు బాగా తగ్గి ఉంది. ఆఫీసరు గారు చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ, "ఇక్కడ ఒక రాజధాని ఉండేదంటారోయ్" అన్నారు.

"ఎక్కడ సార్?"

"నువ్వు చూస్తున్న చోటే. సగం ఏట్లో కలిసిపోయింది. మిగతా సగం వరి పండుతోంది."

నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఆయన గట్టు దిగి, నీళ్ళు తీసిన ఒండ్రులోంచి ఒక కుండపెంకు ఏరి నా చేతిలో పెట్టారు. లోపలివైపు తిప్పి చూడమన్నారు. పచ్చి మట్టి మీద కుమ్మరి నొక్కిన వేలి ముద్ర అందులో అలాగే ఉంది. నా బొటనవేలు దాని మీద పెడితే సరిగ్గా సరిపోయింది. రెండు వేల ఏళ్ళ కిందటి మనిషి వేలు నాది కాదు కదా అని వెంటనే తీసేశాను, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా. డ్రైవరు మావయ్య నా ముఖం చూసి పెద్దగా నవ్వాడు.

ఆ తర్వాత ఇక నేను కోటగోడల కోసం వెతకలేదు. ఘంటసాలలో ఒక ఇంటి పెరట్లో బట్టలుతికే బండని ఆ ఇంటాయనతో కలిపి నలుగురం తిరగేశాం. వెనకవైపు విచ్చిన తామరపువ్వు ఉంది, రేకు రేకూ లెక్కపెట్టుకునేలా. ఆ ఇంటావిడ అత్తగారి కాలం నుంచీ దాని మీదే ఉతుకుతున్నారట. గుడివాడలో పాతకాలపు ఊరి దిబ్బ పక్క వీధిలో ఒకావిడ కూరగాయలు బేరమాడుతూ కనిపించింది. ఆవిడ మెడలో మామూలు పూసల మధ్య అక్కడక్కడా ఎర్రటి రాతి పూసలు మెరుస్తున్నాయి. ఆఫీసరు గారు అడిగితే, తొలకరికి దిబ్బ మీద మట్టి కొట్టుకుపోయినప్పుడు తేలతాయండీ, ఏరి గుచ్చుకుంటాం అంది. ఒక మహారాణి మెడలో ఉండి ఉండాల్సిన పూసలు వంకాయల మీదికి వంగి ఊగుతున్నాయి. పొద్దున్నుంచీ ఎండలో తిప్పుతున్నారని ఆఫీసరు గారి మీద ఉన్న కోపం కూడా మర్చిపోయాను.

సాయంత్రాలు బందరు లాడ్జి మేడ మీద కూర్చుని ఆయన చెప్పేవారు. "ఈ ఊళ్ళన్నీ ఒకప్పుడు సముద్రానికి దగ్గర్లో ఉండేవోయ్. ఎక్కడెక్కడి ఓడలూ వచ్చేవి. మన ఏరు ఏటా మట్టి తెచ్చి పోసి పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టింది. రేవులన్నీ పొలాల మధ్యకి వచ్చి కూర్చున్నాయి."

"సముద్రం ఊరుకోదు కద సార్" అన్నాడు డ్రైవరు మావయ్య. "ఇచ్చిన జాగా చూసుకోడానికి అప్పుడప్పుడు వస్తుంది." ఉప్పెన తర్వాత ఇతను దివిసీమలో రోజుల తరబడి శవాలు మోసిన మనిషి.

దివిసీమలోకి మా పని మీద వెళ్తామని మాకు తెలియదు. అక్కడ నేల కొత్తది, ఆ చివర్న ప్రాచీన నగరాలేమీ ఉండవని మా శాఖలో అందరి నమ్మకం. కానీ బందరు టీ కొట్టులో ఎవరో, అవనిగడ్డ దాటాక నాగాయలంక దారికి కాస్త ఎడంగా ఒక ఊళ్ళో పాటిదిబ్బ ఉందని, దాని మట్టి బళ్ళతో తోలుతున్నారని చెప్పారు.

పాటిమట్టి అంటే మీలో పట్నంలో పుట్టినవాళ్ళకి తెలియకపోవచ్చు. పూర్వం ఊరు ఉండి పాడుపడిన చోటు పాటి. తరాల బూడిద, పేడ, ఎముకలు కలిసిన ఆ మట్టి వరికి మంచి బలం. అందుకని డెల్టా రైతులు ఎండాకాలం వచ్చిందంటే పాటిదిబ్బల్ని తవ్వి పొలాలకి తోలుకుంటారు. ఎవరినీ అనడానికి లేదు, తాతల నాటి వ్యవసాయం అది. మా శాఖకి మాత్రం పాటిమట్టి బండి కనబడితే గుండెల్లో రాయి పడేది. మేం నగరం అనేదాన్ని వాళ్ళు ఎరువు అంటారు. ఇద్దరం చెప్పేదీ నిజమే కావడం వల్ల తగాదా ఎప్పటికీ తెగదు.

ఆ ఊరు చేరేసరికి తూర్పువైపు దిబ్బని నిలువునా కోసేసి ఉంది, మనిషెత్తు గోడలా. పడమటివైపు దిబ్బ ఇంకా చాలా ఎత్తు. ఆఫీసరు గారు జీపు ఆగకముందే దిగిపోయారు. తాపీతో ఆ గోడని చెక్కి శుభ్రం చేసి చూస్తే పొరలు తేలాయి. కింద నల్లటి మట్టి, బూడిద, పెంకులు. దాని మీద అడ్డంగా జానెడు మందాన తెల్లటి ఇసుక. ఆ పైన మళ్ళీ మట్టి, ఇటుక ముక్కలు.

ఆయన ఆ ఇసుక మీద చెయ్యి వేసి, పట్టుచీర అంచు తడిమినట్టు తడిమారు. "పెద్ద కట్టడాల పునాదుల కింద ఇసుక పరవడం ఆ కాలం పద్ధతోయ్. ఇది పునాది. దీని మీద స్తూపం ఉండి ఉంటుంది. లేదనుకున్న చోట!" నన్ను గీయమన్నారు. నేను గీసి, ఆయన చెప్పినట్టే ఇసుక పొర పక్కన పునాది అని రాశాను. ఆ రోజు ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. జీవితంలో మొదటిసారి కంచె వేయడానికి కాక, కనుక్కోవడానికి వచ్చిన మనిషి ఆయన.

మర్నాడే దిబ్బ చుట్టూ తాడు కట్టించి, హైదరాబాదు నుంచి ఆర్డరు వచ్చేదాకా ఒక్క తట్ట మట్టి కూడా తియ్యకూడదన్నారు. ఊరి ప్రెసిడెంటు గారు పరుగున వచ్చారు. పెద్ద రైతు, మాట మెత్తగా ఉంటుంది.

"ఏవండీ, మా ఊరి సంగతి చూస్తూనే ఉన్నారు కదా. ఇళ్ళు కట్టిస్తామని వచ్చిన ధర్మసంస్థ వాళ్ళు, జాగాలు మెరక చేసుకుంటేనే పునాది వేస్తామంటున్నారు. మృగశిర వచ్చేస్తుంది. వానలు పడితే వాళ్ళు పక్క ఊరికి వెళ్ళిపోతారు. ఇక్కడ ఈ దిబ్బ తప్పితే మెరకకి పనికొచ్చే మట్టి ఏదండీ? అంతా చవుడు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. బళ్ళలో సగం ఆయన పొలంలోకే వెళ్తున్నాయని డ్రైవరు మావయ్య అప్పటికే కూపీ లాగాడు. అయితే మిగతా సగం నిజంగానే ఇళ్ళ జాగాలకి వెళ్తోంది. ఇళ్ళు ఆగిపోతే, వచ్చే తుఫాను రోజుల్లో ఆ జనం పల్లంలో తాటాకుల పాకల్లోనే ఉండాలి.

అలా ఉండాల్సినవాళ్ళలో మాకు భోజనం వండి తెచ్చే ఆవిడ ఒకరు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. ఉప్పెనలో భర్తా, ఇద్దరు పిల్లలూ పోయారు. ఆవిడా, అత్తగారూ మిగిలారు. ఆ రాత్రి ఈ దిబ్బ ఎక్కినవాళ్ళమే మిగిలామండీ అని ఒకసారి చెప్పింది, సాంబారు వడ్డిస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు. మేం బడిలో మకాం పెట్టాం. రోజూ క్యారేజీ దింపి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగేది.

"మట్టెప్పుడు తోలుకోనిస్తారండీ?"

"ఆర్డరు రావాలమ్మా" అనేవారు ఆఫీసరు గారు, పళ్ళెం మీంచి తల ఎత్తకుండా.

"ఆహా, అలాగేనండి" అని వెళ్ళిపోయేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండునని నాకు అనిపించేది. ఆవిడ వండింది తింటూ ఆవిడ ఇల్లు ఆపడం నాకు సహించలేదు. అలాగని ఆఫీసరు గారి ముఖంలో ఆ వెలుగు చూశాక ఆయన్ని ఒక మాట అనడానికీ మనసు రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఎత్తుపల్లాలు కొలిచే నా లెవెల్ మిషన్‌ని చూపించి, "బాబూ, ఆ గొట్టంలోంచి చూస్తే నా జాగాకి ఎంత మెరక కావాలో తెలుస్తుందా?" అంది. తెలుస్తుందన్నాను. ఏదో ఒక సాయం చేయడానికి దారి దొరికిందని ఎగురుకుంటూ వెళ్ళాను.

ఆవిడ జాగా కాలవకి ఇవతల పల్లంలో ఉంది. మిషన్ నిలబెట్టి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడిగాను. ఆవిడ పక్కనున్న తాటిచెట్టు చూపించి వేలు పైకెత్తింది. ఇంకా పైకి. నేను తల బాగా వెనక్కి వంచాల్సి వచ్చింది.

"అంత ఎత్తు నాకొద్దు బాబూ" అంది ఆవిడే. "ఆ రాత్రి వచ్చింది మళ్ళీ వస్తే ఎవరం ఆపలేం. ఏటా వచ్చే నీళ్ళకి పొయ్యి తడవకుండా ఉంటే చాలు."

నడుమెత్తు మెరక చాలని లెక్క తేల్చాను. సామాను సర్దుతుంటే పాక గుంజ కోసం తీసిన గుంట కనిపించింది. అలవాటు కొద్దీ లోపలికి తొంగిచూశాను. పొరలు కనిపిస్తే చూడకుండా పోలేను, అదొక జబ్బు. కింద పాత నేల, నల్లగా. దాని మీద తెల్లటి ఇసుక, అందులో చిన్న చిన్న గవ్వలు, చిప్పలు. ఇసుక కింద గరుకుగా, పైకి పోయేకొద్దీ మెత్తగా ఉంది. ఆ పైన పల్చగా బూడిదరంగు ఒండ్రు, మీగడ కట్టినట్టు.

"ఇదేంటమ్మా?"

"సముద్రం పోసిపోయింది కదా బాబూ. ఊరంతా అదే."

గుంట పక్కన చతికిలబడి దాన్ని గీశాను. సగంలో పెన్సిలు ఆపి చూసుకున్నాను. ఈ గీతలు నేను ఇదివరకే గీశాను.

బడికి వచ్చి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. గరుకు ఇసుక, మెత్తటి ఇసుక, బూడిదరంగు ఒండ్రు. దిబ్బ గోడలో ఆ సన్నటి ఒండ్రు గీతని కూడా నేను ఉన్నది ఉన్నట్టే గీశాను, కానీ అదేమిటో ఆలోచించలేదు. ఆఫీసరు గారు అప్పుడు హైదరాబాదుకి స్తూపం గురించి ఉత్తరం రాసుకుంటున్నారు. బొమ్మలు ఆయన ముందు పెట్టాను. చూశారు. ముఖం ఎర్రబడింది.

"ఇసుక ఎక్కడైనా ఇసుకలాగే ఉంటుందోయ్. నీ పని గీయడం" అన్నారు. బొమ్మలు నా వైపు తోసేశారు. నేను చిన్నబుచ్చుకుని బయటికి వచ్చేశాను.

తెల్లారి దిబ్బ దగ్గరికి వెళ్ళేసరికి ఆయన నాకన్నా ముందే అక్కడ ఉన్నారు. గోడ ముందు బోర్లా పడుకుని, భూతద్దం ఇసుకకి ఆనించి చూస్తున్నారు. జుట్టు నిండా మట్టి. నన్ను చూసి లేచి కూర్చుని, అరచెయ్యి చాపారు. అందులో బియ్యపుగింజంత గవ్వ ఉంది.

"పునాదికి ఏటి ఇసుక వేస్తారు. ఇది సముద్రంది" అన్నారు. చెయ్యి మూసి, "స్తూపం లేదోయ్" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో చెప్పలేను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా బొమ్మని నేనే చింపెయ్యాలనిపించింది.

కానీ ఆ మనిషి అక్కడ ఆగిపోలేదు, ఆయన గొప్పతనం అదే. "ఇసుక సముద్రం పోసింది. మరి దాని మీదున్న ఈ మట్టి ఎవరు పోశారు?" అని లేచారు. ఎండిన గోడలో రంగులు తేలవు. తడిపితే తేలతాయి. డ్రైవరు మావయ్య జీపులోంచి నీళ్ళ డబ్బా తెచ్చాడు. ఇసుక పైనున్న మట్టి మీద ఆఫీసరు గారు చేత్తో నీళ్ళు చిలకరిస్తూ పోయారు. మేమిద్దరం వెనక నిలబడ్డాం.

తడి ఇంకేకొద్దీ ఆ గోడ మారిపోయింది. ఒకే మట్టి అనుకున్నది ముక్కలు ముక్కలుగా విడిపోయింది. ఇక్కడ ఎర్రటి మచ్చ, దాని పక్కన నల్లటి మచ్చ, వాటి మీదికి ఒరిగి బూడిదరంగుది. ఒక్కొక్కటీ అడుగున గుండ్రంగా, పైన కుప్పగా. ఎన్నని చెప్పను, గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అవే.

"తట్టలు సార్" అన్నాడు మావయ్య మెల్లగా.

అవును, తట్టలే. ఒక్కో మచ్చ ఒక మనిషి నెత్తిన మోసుకొచ్చి బోర్లించిన ఒక తట్ట మట్టి. పోసినవాళ్ళు వెళ్ళిపోయి రెండు వేల ఏళ్ళు కావస్తోంది, పోసిన తీరు మాత్రం నిన్న పోసినట్టే ఉంది. ఒక తట్ట కొంచెం పక్కకి జారి ఉంది, మోసినవాళ్ళు అప్పటికి అలిసిపోయారేమో. ఆ కుప్పలన్నిటి మీదా చదును చేసిన నేల, నేల మీద పొయ్యి, పొయ్యిలో నల్లటి మసి. రాజులు కట్టించిన గొప్ప కట్టడాలు తర్వాత నేను చాలా చూశాను. ఆ తట్టల ముందు నిలబడినప్పుడు వచ్చినంత దణ్ణం పెట్టాలన్న కోరిక ఇంకెక్కడా రాలేదు. నేనే కాదు, మావయ్య కూడా చెప్పులు విడిచి పక్కన పెట్టడం చూశాను.

ఆఫీసరు గారు ఆ కుప్పల్లోంచి పెంకులు తీసి చూస్తున్నారు. "ఈ పెంకులు కింద ఊరివాటికన్నా పాతవోయ్. పైన ఉన్నవి పాతవి, కిందవి కొత్తవి! అంటే వాళ్ళు ఈ మట్టిని ఇంకో పాటిదిబ్బ నుంచి తవ్వి తెచ్చారు. వాళ్ళకీ ఒక పాటి ఉంది. అదెక్కడో మనకి తెలియదు." ఆ దిబ్బ కింద ఇంకే ఊరుందో, ఆ ఊరివాళ్ళు ఎక్కడి మట్టి తెచ్చుకున్నారో.

ఈలోగా ఆవిడ క్యారేజీ తీసుకుని వచ్చింది. ఆఫీసరు గారు ఆవిణ్ణి తాడు దాటి లోపలికి రమ్మన్నారు. ఇసుక చూపించారు. తట్టలు ఒక్కొక్కటే చూపించారు. పొయ్యి చూపించారు. ఆవిడ చాలాసేపు చూసింది.

"అంత జరిగాక కూడా మళ్ళీ ఇక్కడే కట్టుకున్నారా అండీ వీళ్ళు?"

"అవునమ్మా. ఎందుకో మాకూ తెలియదు."

"మావాళ్ళంతా ఈ మట్టిలోనే ఉన్నారు కదండీ, మేం ఎక్కడికి వెళ్తాం. వీళ్ళకీ అంతే అయ్యుంటుంది" అంది. తర్వాత ఎప్పటిలాగే, "మట్టెప్పుడు తోలుకోనిస్తారండీ?" అని అడిగింది.

ఈసారి ఆయన ఆర్డరు మాట ఎత్తలేదు. అన్నం ముట్టకుండా దిబ్బ చుట్టూ తిరిగారు. నేను వెనకాలే వెళ్ళాను. "ఇప్పుడు నేను దీని మొత్తానికి కంచె వెయ్యాలోయ్" అన్నారు. "స్తూపాలు చాలా ఉన్నాయి. ఇలాంటిది నేనెక్కడా వినలేదు. ఒక్క తట్ట తీసినా పాపం." ఇంకో చుట్టు తిరిగారు. "కానీ కంచె వేస్తే, వీళ్ళేం చేశారో అది ఆవిణ్ణి చెయ్యొద్దన్నట్టు. వాళ్ళని గౌరవించి ఈవిణ్ణి ముంచాలా?" ఆయన అడిగింది నన్ను కాదని నాకు తెలుసు.

చివరికి ప్రెసిడెంటు గారిని పిలిపించారు. తట్టల గోడతో సహా పడమటి సగాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మళ్ళీ నీళ్ళొస్తే ఊరు ఎక్కడానికి కూడా ఆ సగం కావాలి. ఇప్పటికే పాడుచేసిన తూర్పు వైపు మిగిలి ఉన్న మట్టి ఇళ్ళ మెరకకి ఇస్తాం. ప్రతి బండీ మా కళ్ళముందు నిండాలి, పెంకులు మేం ఏరుకున్నాకే కదలాలి.

"మరి పొలాలకండీ?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"పొలాలకి ఒక్క తట్ట కూడా ఇవ్వను. కావాలంటే నా మీద పైకి రాసుకోండి."

ప్రెసిడెంటు గారు ఆ గోడవైపు చూశారు. ఏమనుకున్నారో గానీ, మర్నాడు ఇళ్ళ జాగాలకి మొదట కదిలిన బళ్ళు ఆయనవే. పైకి ఆయన రాయలేదు. మా ఆఫీసరు గారే రాసుకున్నారు, జరిగింది జరిగినట్టు. దాని మీద పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. రిటైరయ్యేదాకా ఆయన దానికి జవాబులు ఇచ్చుకుంటూనే ఉన్నారు. స్తూపం కనుక్కున్న పేరు రాలేదు, మట్టి వదిలేసిన పేరు వచ్చింది. ఒక్కసారి కూడా ఆయన దానికి బాధపడగా నేను చూడలేదు.

ఆవిడ జాగాలో మట్టి పడిన రోజు చెప్పి ముగిస్తాను. మేం తవ్విన గోతుల్ని పూడ్చేటప్పుడు అడుగున ఆ సంవత్సరం అచ్చైన నాణెం ఒకటి వెయ్యడం మా పనిలో ఆచారం. రేపెప్పుడో ఎవరైనా అక్కడ మళ్ళీ తవ్వితే, ఇది ఫలానా కాలంలో పూడ్చిందని వాళ్ళకి తెలియడానికి. ఆవిడ జాగాలో పడబోయేది పాత పెంకులున్న మట్టి కాబట్టి, ముందు తరాలవాళ్ళు పొరబడకూడదని ఆఫీసరు గారు అక్కడ కూడా ఒక రూపాయి బిళ్ళ ఇసుక మీద పెట్టారు. ఎందుకో ఆవిడకి విడమరిచి చెప్పారు.

నేను పక్కనే గోనె మీద కూర్చుని, ఏరిన పెంకుల మీద నల్ల సిరాతో నంబర్లు వేస్తున్నాను. ఆ సిరా చెరగదు. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక పెంకు తీసి, నంబరు మీద తడి వేలితో రుద్ది చూసింది.

"బిళ్ళ చూస్తే ఎప్పుడో తెలుస్తుంది సరే. ఎవరో ఎట్లా తెలుస్తుంది తమ్ముడూ?"

అంతవరకూ నన్ను బాబూ అనేది. నేను ఆఫీసరు గారి వైపు చూశాను. అలాంటిది ఏ మాన్యువల్లోనూ లేదు. ఆయన సంచీలోంచి వెడల్పాటి పెంకు ఒకటి ఏరి, తుడిచి, నా చేతికిచ్చారు.

ఆవిడ ముగ్గురి పేర్లూ చెప్పింది. మొదట భర్తది, తర్వాత పిల్లలవి, పెద్ద నుంచి చిన్నకి. నేను గుండ్రటి అక్షరాలతో రాశాను. నా చేతిరాత అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఆవిడకి చదువు రాదు. పెంకు అందుకుని, ఒకసారి పైకి చదవమంది. చదివాను. బండి తోలేవాళ్ళు, ప్రెసిడెంటు గారు, అత్తగారు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. ఆవిడ పెంకుని ఇసుక మీద బిళ్ళ పక్కన, అక్షరాలు పైకి ఉండేలా పెట్టింది. కొంగు నడుముకి బిగించి, మొదటి తట్ట తనే ఎత్తుకుంది.

"పక్కకి జరుగు తమ్ముడూ" అంది, "మట్టి పోస్తాను."